తవ్వే ముందు నేల కింద చూడాలి

యాదగిరిగుట్ట చుట్టుపక్కల గత పదేళ్ళలో నేల తవ్వని రోజు లేదంటే అతిశయోక్తి కాదు. 2015లో ఆలయాభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2018లో గుట్ట మున్సిపాలిటీ అయింది. పునర్నిర్మించిన ఆలయం 2022 మార్చి 28న తెరుచుకుంది. రాయగిరి నుంచి గుట్ట దాకా రోడ్డు వెడల్పయింది. సత్రాలు, లాడ్జీలు, ప్లాట్లు, కొత్త కాలనీలు లేచాయి. పైకి లేచిన ప్రతి కట్టడానికీ కింద ఒక నీళ్ళ పైపు, ఒక మురుగు గొట్టం, ఒక కరెంటు తీగ, ఒక ఫోను తీగ కావలసి వచ్చాయి.

నేల పైన కట్టినది అందరికీ కనిపిస్తోంది. నేల కింద ఏం పూడ్చారో, ఎక్కడ పూడ్చారో, ఎంత లోతున పూడ్చారో చెప్పగలిగినవారు మాత్రం బహు తక్కువ. వేసిన కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్ళిపోతాడు. దగ్గరుండి వేయించిన ఇంజనీరు బదిలీ అవుతాడు. ఊళ్ళో మిగిలేది వాటర్‌మన్ ఒక్కడే. చాలా గ్రామాలలో అతని జ్ఞాపకమే పటం. అతను ఊళ్ళో లేని రోజున జేసీబీ వస్తే ఇక అంతా అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

ఈ అదృష్టం మీద నడిచే తవ్వకాలకు స్వస్తి చెప్పాలంటే ఒక పని జరగాలి. జేసీబీ, ఇటాచీ నడిపేవారికి, వారికి పని చూపించేవారికి నేల కింది పైపులను, కేబుళ్ళను కనిపెట్టి, వాటికి దెబ్బ తగలకుండా తవ్వే విద్యను ప్రత్యేకంగా నేర్పాలి. బ్రిటన్ వంటి దేశాలలో అది ఒక గుర్తింపు పొందిన శిక్షణ. దానికి సర్టిఫికెట్లున్నాయి, పరీక్షలున్నాయి. ఇక్కడ అటువంటి చదువు ఒకటి ఉందన్న సంగతే పని చేసేవారికి తెలియదు.

ఈ జిల్లా నేల కింద ఉన్నవాటిని ఒకసారి లెక్క వేసి చూడాలి. మొదటిది మిషన్ భగీరథ పైపు. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించింది ఈ పథకానికే. రాష్ట్రం మొత్తం మీద లక్ష కిలోమీటర్లకు పైగా పైపులైన్లు వేశారు. ఆ కందకాలలోనే ఇంటర్నెట్ తీగల గొట్టాలు కూడా వేయాలని ప్రభుత్వం అప్పట్లో సంకల్పించింది. ఖర్చు కలిసి వస్తుంది కాబట్టి ఆలోచన మంచిదే. అయితే నీళ్ళూ, ఇంటర్నెట్టూ పక్కపక్కనే ఉన్న చోట ఒక్క దెబ్బకు రెండూ పోతాయి.

సికింద్రాబాద్ - కాజీపేట రైలు మార్గం రాయగిరి, వంగపల్లి, ఆలేరుల మీదుగా పోతోంది. పట్టాల పక్కన నేలలో సిగ్నల్ కేబుళ్ళు ఉంటాయి. అవి తెగితే సిగ్నళ్ళు పని చేయవు, బండ్లు ఆగిపోతాయి. అందుకే రైల్వే తన స్థలంలో తవ్వేందుకు వేరే పద్ధతి పెట్టుకుంది. సంబంధిత శాఖల వారు కలిసి చూసి సరేనన్న తరువాతే గడ్డపార వేయాలి. సొంత ఆస్తి పోతుందన్న భయం రైల్వేకు ఉంది గనుక ఆ కట్టుబాటు వచ్చింది. పంచాయతీ పైపుకు అటువంటి భయం పడేవారు లేరు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది పెట్రోలియం పైపులైను. ఒడిశాలోని పారాదీప్ నుంచి 1212 కిలోమీటర్లు సాగి వచ్చే ఇండియన్ ఆయిల్ పైపులైను చివరి మజిలీ చౌటుప్పల్ మండలం మల్కాపూర్. 2024 మార్చి 5న సంగారెడ్డిలో ప్రధాని దానిని జాతికి అంకితం చేశారు. తెలంగాణలో దాని పొడవు 160 కిలోమీటర్లు. ఇటువంటి లైన్లు రైతుల చెలకల కిందుగానే పోతాయి. పైన పత్తి, కంది వేసుకోవచ్చు. కాని 1962 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఆ పట్టీ మీద ఇల్లు కట్టరాదు, బావి గాని చెరువు గాని తవ్వరాదు, చెట్లు నాటరాదు. భూమి చేతులు మారినప్పుడు ఈ నిబంధన సంగతి కొన్నవారికి ఎందరు చెబుతున్నారన్నది అనుమానమే. ఇది చాలదన్నట్టు ఇళ్ళకు పైపుల ద్వారా వంటగ్యాసు ఇచ్చేందుకు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలను కలిపి 2018లో కేటాయింపు జరిగింది. అంటే రానున్న కాలంలో నేల కింద రద్దీ పెరిగేదే గాని తగ్గేది కాదు.

ఇతర ప్రాంతాలలో నీళ్ళ పైపు పగిలితే అది రెండు రోజుల ఇబ్బంది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మాత్రం అది వేరే సంగతి. ఫ్లోరైడు నీటితో పళ్ళు పచ్చబడి, ఎముకలు వంగి, నడుములు పడిపోయిన కుటుంబాలు మర్రిగూడ మొదలు నారాయణపురం వరకు ఎన్నో ఉన్నాయి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదన్నది ప్రమాణం. అంతకు మించిన బోర్లు ఈ ప్రాంతంలో కొల్లలు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును విరిచే విధానానికి 1970లలో శాస్త్రజ్ఞులు 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారు. ఒక జబ్బు కారణంగా జిల్లా పేరు శాస్త్ర గ్రంథాలకు ఎక్కడం గర్వించదగిన విషయం కాదు. దూరాన్నుంచి నది నీళ్ళు పైపులో వచ్చి నల్లాలో పడిన తరువాతే ఈ ప్రాంతపు తల్లులు కాస్త ఊపిరి పీల్చుకున్నారు.

అటువంటి పైపు పగిలితే ఊరు మళ్ళీ బోరు దగ్గరకే పోతుంది. రెండు రోజులు బోరు నీళ్ళు తాగినంత మాత్రాన ఎముకలు వంగిపోవు, నిజమే. కాని పగిలిన పైపు రెండు రోజులలో బాగుపడుతుందన్న హామీ ఎక్కడుంది? పైపు ఎవరిది, పగలగొట్టింది ఎవరు, ఖర్చు ఎవరు పెట్టాలన్న తగవు తేలేసరికి వారాలు గడుస్తాయి. నల్లా మీద నమ్మకం ఒకసారి పోతే జనం డబ్బా నీళ్ళకు అలవాటు పడతారు. డబ్బాకు డబ్బు లేనివారు బోరు నీళ్ళే తాగుతారు.

మరో ప్రమాదం కంటికి కనబడనిది. పైపు పగిలినప్పుడు లోపలి ఒత్తిడి పడిపోతుంది. నీళ్ళు వదలని వేళల్లో బయటి బురద, పక్కనున్న మురుగు కాలువలోని నీరు ఆ పగులు గుండా లోపలికి చేరతాయి. మళ్ళీ నీళ్ళు వదలగానే అవి ఇళ్ళకు పోతాయి. ఊళ్ళో వాంతులు, విరేచనాలు మొదలైనప్పుడు ట్యాంకు కడిగారా లేదా అని అడుగుతారు. నాలుగు రోజుల కిందట ఎక్కడ తవ్వారని కూడా అడగాలి.

తప్పంతా జేసీబీ డ్రైవరు మీద వేయడం సులభం. అది న్యాయం కాదు. అతను చాలా మటుకు బండి మీద హెల్పరుగా చేరి, చూసి నేర్చుకున్నవాడు. అతనికి లైసెన్సు ఉన్నా అది బండి నడపడానికి ఇచ్చినది. బకెట్టు ఎక్కడ దించవచ్చో, ఎక్కడ దించరాదో అందులో రాసి ఉండదు. బండిని గంట లెక్కన మాట్లాడుకుంటారు. ఆగి చూస్తే గంట పోతుంది, గంట పోతే డబ్బు పోతుంది. 'కానీయ్, ఏం కాదు' అని పక్కన నిలబడ్డ మేస్త్రీ తొందర పెడతాడు. కేబుల్ వేసేవారికి కూలి మీటరు లెక్కన ముడుతుంది. ఇంత తొందరలో జాగ్రత్త పడమని చెప్పడం ఆకలితో ఉన్నవాడిని ఉపవాసం ఉండమన్నట్టే.

ఒకప్పుడు మట్టిపని చేతిపని. పాలమూరు కూలీలు ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో వెళ్ళి కాలువలు తవ్వారు. అనుభవం ఉన్న వడ్డెర పనివాడు గడ్డపార దెబ్బ చప్పుడును బట్టి కింద రాయి ఉన్నదో, మట్టి ఉన్నదో, బోలుగా ఉన్నదో చెప్పగలడు. జేసీబీ క్యాబిన్‌లో ఇంజను మోతకు ఆ చప్పుడు వినబడదు. యంత్రం పనిని పదింతలు వేగం చేసింది గాని చేతికి ఉన్న ఆ తెలివిని మాత్రం వెంట తెచ్చుకోలేదు. దాని స్థానంలో కొత్త తెలివి నేర్పవలసి ఉంది.

ఆ తెలివి ఏమిటన్నది కొంచెం వివరంగా చూడాలి. అది పరికరం కొనడంతో వచ్చేది కాదు. మొదటి పాఠం చూపు. తవ్వబోయే స్థలంలో వాల్వు గుంతలు ఎక్కడున్నాయి, కరెంటు స్తంభం మీది నుంచి కేబుల్ ఎక్కడ నేలలోకి దిగుతోంది, రోడ్డు మీద పాత తవ్వకపు అతుకు ఎటు పోతోంది, హద్దు రాళ్ళ మీద ఏమి రాసి ఉంది, వీటిని నడుస్తూ చూసి రాసుకోవాలి. ఆ తరువాతే పరికరం చేతికి తీసుకోవాలి.

కేబుల్ లొకేటర్ అనే పరికరం పొడుగాటి కర్ర పెట్టె వంటిది. నేల కింద కేబుల్‌లో కరెంటు పారుతుంటే దాని చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని అది పసిగట్టి మోగుతుంది. ఇక్కడే మొదటి మోసం ఉంది. కేబుల్‌కు సరఫరా ఉండి, దాని మీద లోడు లేకపోతే పరికరం దాదాపు మోగదు. ముట్టుకుంటే మాత్రం ప్రాణం తీస్తుంది. అటువంటి కేబుళ్ళను పట్టడానికి సిగ్నల్ పంపే మరో చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని కేబుల్‌కు గాని, పైపుకు గాని తగిలించి, ఆ సిగ్నల్ ఎటు పోతోందో లొకేటర్‌తో వెంబడించాలి. స్థలాన్ని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా జల్లెడ పట్టినట్టు తిరగాలి. రెండు కేబుళ్ళు పక్కపక్కన ఉంటే ఒకటిగా కనబడతాయని, పరికరం చూపే లోతును పూర్తిగా నమ్మరాదని అనుభవం మీదనే తెలుస్తుంది.

ఇంకొక సంగతి ఈ జిల్లాకు మరీ ముఖ్యం. ప్లాస్టిక్ పైపును ఈ లొకేటర్ కనిపెట్టలేదు. ఊళ్ళలోని నల్లా పైపులు ఎక్కువగా ప్లాస్టిక్‌వే. వాటిని వేసేటప్పుడే పక్కన ఒక రాగి తీగ పరిచి ఉంటే ఆ తీగను పట్టుకుని పైపు జాడ తీయవచ్చు. అది లేని చోట రేడియో తరంగాలను నేలలోకి పంపి చూసే రాడార్ యంత్రం కావాలి. అది ఖరీదైనది. పైగా తడిసిన నల్లరేగడిలో దాని చూపు ఎంతో లోతుకు పోదు. గుట్ట చుట్టూ ఉన్నట్టి గుండ్లు, బండలు నిండిన నేలలో రాయినీ, పైపునూ వేరు చేసి చదవడానికి మంచి అనుభవం ఉండాలి. పరికరం మోగలేదంటే దానికి కనబడలేదని మాత్రమే అర్థం.

కనుకనే చివరి మాట చేతి తవ్వకానిదే. పరికరం చూపిన గీతకు నేరుగా పైన కాకుండా కొంచెం పక్కగా చిన్న గుంత తవ్వి, పైపునో కేబుల్‌నో కంటితో చూడాలి. గడ్డపార, పికాసు దూరంగా పెట్టి పారతోనే మెల్లగా మట్టి తీయాలి. కేబుల్ గీతకు అర మీటరు లోపల చేతితో పట్టుకునే డ్రిల్లింగు యంత్రాలు వాడవద్దని బ్రిటన్ భద్రతా సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాంక్రీటులో కూరుకున్న కేబుల్ కనబడితే, దానిలో కరెంటు ఉన్నదనే భావించాలి.

లోతు విషయంలో పుస్తకంలోని అంకెలను పట్టుకుని కూర్చోవడం ప్రమాదకరం. 11 వేల వోల్టుల కేబుల్ 0.9 మీటరు, 33 వేల వోల్టులది 1.05 మీటరు లోతున ఉండాలని భారతీయ ప్రమాణం. ఫోను తీగలకు 1.65 మీటర్లన్నది టెలికం శాఖ చిరకాలపు లెక్క. ఈ ప్రాంతంలో రెండడుగులు తవ్వగానే బండ తగిలే చోట్లు ఎన్నో ఉన్నాయి. బండ తగిలిన చోట గుత్తేదారు ఎంత లోతున ఆగాడో అతనికే ఎరుక. పైగా రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఎత్తును చెక్కి వేస్తే, నిన్న మీటరు లోతున ఉన్న కేబుల్ నేడు అడుగున్నర లోతుకే వస్తుంది.

దెబ్బ తగిలిన తరువాత ఏం చేయాలన్నది కూడా శిక్షణలో భాగమే. బకెట్టు కరెంటు కేబుల్‌కు తగిలితే డ్రైవరు సీటు దిగరాదు. ఎవరూ బండిని ముట్టుకోరాదు. సరఫరా ఆపించేందుకు 1912కు ఫోను చేయాలి. బండికి నిప్పంటుకుని దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళూ కలిపి దూకి, పాదాలు నేలకు ఆనించి చిన్న చిన్న అడుగులతో దూరం పోవాలి. గ్యాసు వాసన గాని, బుస్సుమన్న చప్పుడు గాని వస్తే బీడీ, అగ్గిపెట్టె మాట మరచి, గాలి వచ్చే వైపుకు జనాన్ని పంపాలి. పగులును మట్టితో పూడ్చరాదు.

ఈ పూడ్చడం దగ్గరే అసలు చిక్కు ఉంది. 2004 జూలై 30న బెల్జియంలోని గిలెంగియన్ అనే చోట పెద్ద గ్యాసు పైపులైను పేలి 24 మంది మరణించారు. ఆ పైపుకు దెబ్బ తగిలింది ఆ రోజున కాదు. అంతకు ముందు అక్కడ జరిగిన పనులలో యంత్రం గీరుకుని పైపు గోడ పలుచబడింది. లోపలి ఒత్తిడి పెంచిన రోజున అది తట్టుకోలేకపోయింది. గీత పడిన రోజునే ఆ సంగతి పైపు యజమానులకు తెలిసి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి. ఇక్కడ జేసీబీ పన్ను పైపుకు గీరుకుంటే ఏం జరుగుతుంది? చెబితే జరిమానా, బండి స్వాధీనం, పోలీసు కేసు అన్న భయం డ్రైవరుకు ఉంటుంది. నాలుగు తట్టల మట్టి వేసి పూడ్చేస్తే ఎవరికీ తెలియదు. చెప్పినవాడికి శిక్ష, దాచినవాడికి కూలి దక్కే ఏర్పాటు ఉన్నంత కాలం గీతలు మట్టి కిందే ఉండిపోతాయి. వెంటనే చెప్పినవారిని కేసు నుంచి మినహాయించాలి. దాచినవారి మీద మాత్రం కఠినంగానే ఉండాలి. మల్కాపూర్ లైను పక్క గ్రామాలలో ఈ మాట దండోరా వేయించి చెప్పవలసినది.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సరికాదు. 2023 మార్చి 22న ప్రధాని 'కాల్ బిఫోర్ యూ డిగ్', అంటే తవ్వే ముందు పిలువు అనే ఫోను యాప్‌ను ప్రారంభించారు. తవ్వదలచినవారు స్థలం వివరం అందులో పెడితే అక్కడ ఎవరి ఆస్తులున్నాయో వారికి కబురు పోతుంది. దేశంలో ఏటా దాదాపు 10 లక్షల చోట్ల ఫైబర్ తీగలు తెగుతున్నాయని, నష్టం సుమారు 3000 కోట్ల రూపాయలని టెలికం శాఖ అంచనా వేసింది. తవ్వే ముందు నోటీసు ఇవ్వాలని అదే ఏడాది జనవరిలో నిబంధనలు కూడా తెచ్చింది. అమెరికాలో ఇదే పనికి 2007 నుంచి దేశమంతటా 811 అనే ఒకే ఫోను నంబరు ఉంది. పిలిస్తే ఆయా సంస్థల వారు వచ్చి నేల మీద రంగు గీతలు వేసి పోతారు.

యాప్ మంచిదే. అయితే నష్టం లెక్కలో ఫైబర్ ఉంది గాని ఊరి నల్లా లేదు. పటంలోకి ఎక్కించిన ఆస్తులే అందులో కనబడతాయి. పంచాయతీ పైపులను, గల్లీ మురుగు గొట్టాలను, రైతు తన బోరు నుంచి పొలానికి పూడ్చుకున్న కేబుల్‌ను ఎక్కించేదెవరు? కబురు అందిన సంస్థ మనిషిని పంపి చూపించకపోతే తవ్వేవాడు ఎన్ని రోజులు కాచుకుని ఉండాలి? గంటకింత బండి అద్దె ఇస్తున్న రైతు ఎన్నాళ్ళో ఆగడు. కబురు వచ్చిన రెండు పనిదినాలలో మనిషిని పంపే బాధ్యతను నీటి శాఖ, విద్యుత్ శాఖ, టెలిఫోన్ సంస్థల మీద జిల్లా యంత్రాంగం కచ్చితంగా పెట్టాలి.

ఖర్చు సంగతికి వస్తే, రోడ్డు పని అంచనాలో కంకరకు, తారుకు, రోలరుకు పద్దులుంటాయి. నేల కింద వెతకడానికి, చేతితో గుంతలు తీయడానికి వేరే పద్దు పెట్టాలి. ఆ పనికి డబ్బు లేనప్పుడు కాంట్రాక్టరు దాన్ని చేయడు. కొత్తగా వేసే ప్రతి ప్లాస్టిక్ పైపు వెంట రాగి తీగ, పైన హెచ్చరిక పట్టీ లేకుండా బిల్లు పాసు చేయరాదు. పూడ్చక ముందు ఫొటో తీసి, కొలత రాసి, ఒక ప్రతి పంచాయతీలో ఉంచాలి. వాటర్‌మన్ తలలో ఉన్న పటాన్ని అతను పదవీ విరమణ చేయక ముందే కాగితం మీద పెట్టించాలి. ఇది పెద్ద ఖర్చు కాదు. రెండు రోజులు అతనితో ఊరు తిరిగితే చాలు. అందుకు అతనికి అదనపు కూలి ఇవ్వడం మరవరాదు.

శిక్షణకు సంస్థలు లేకపోలేదు. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ 1998లో ఏర్పడి నిర్మాణ కార్మికులకు పని నేర్పుతోంది. గుట్ట నుంచి అది మరీ దూరమేమీ కాదు. డ్రైవర్లను అక్కడికి రమ్మంటే రోజు కూలి పోగొట్టుకుని రారు. నేర్పేవారే ఇక్కడికి రావాలి. వచ్చిన రోజులకు కూలి కట్టివ్వాలి. డ్రైవర్లతో పాటు వాటర్‌మన్, లైన్‌మన్, మేస్త్రీ, పంచాయతీ కార్యదర్శి ఒకే చోట కూర్చోవాలి. పాఠం తక్కువ చెప్పి, నిజమైన నేల మీద లొకేటర్ పట్టించి, గుంత తవ్వించి చూపాలి. సర్టిఫికెట్ ఉన్న డ్రైవరుకే ప్రభుత్వ పనులు ఇస్తామని మున్సిపాలిటీ, పంచాయతీలు తీర్మానిస్తే బండి యజమానులు తమంతట తామే డ్రైవర్లను పంపుతారు. మండలానికి ఒకటి రెండు లొకేటర్లు కొని అద్దెకు ఇచ్చే ఏర్పాటు కూడా ఉండాలి. సొంతంగా కొనే స్తోమత చిన్న కాంట్రాక్టరుకు ఉండదు.

ఏటా ఫాల్గుణంలో గుట్ట బ్రహ్మోత్సవాలు వస్తాయి. పండుగ దగ్గర పడ్డ కొద్దీ మిగిలిన పనులన్నీ ఉరుకుల మీద సాగుతాయి, రాత్రిళ్ళు కూడా బకెట్లు దిగుతాయి. ఆ హడావుడి మొదలు కాక ముందే రాయగిరి, వంగపల్లి, గుట్ట బండి అడ్డాల మీది డ్రైవర్లలో మొదటి ముప్ఫై మందిని పిలిచి, రెండు రోజుల శిక్షణ గుట్టలోనే పెట్టించాలి. దానికి కలెక్టరు ఉత్తర్వు ఒక్కటి చాలు.